దేముడుబాబు మేపిన కుందేళ్ళు

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి సీతాఫల్‌మండిలో స్థిరపడ్డ దేముడుబాబు ఓ ప్రైవేటు పరిశోధనశాలలో కుందేళ్ళకు మేత పెట్టే ఉద్యోగి. అది మామూలు మేత కాదు, రక్తనాళాలు గట్టిపడాలని కొవ్వు దట్టించిన మేత. ఎడమవైపు బోనులకు అదొక్కటే. కుడివైపు వాటికి దాంతోపాటు నాళాలను వెడల్పు చేసే కొత్త మందు కూడా. మందు పడ్డవాటి నాళాలు మెత్తగా ఉంటే డాక్టర్ సత్యదేవ్‌గారు గొప్పవారైపోతారు. ఆయన అప్పటికే సగం అయిపోయారు. శాలువాలు దాచుకోవడానికి బీరువా కూడా కొన్నారు.

కొన్నాళ్ళకు కుడివైపు కుందేళ్ళ చెవులు ఎర్రబడ్డాయి. "పాపం, జొరం కాబోలు" అనుకున్నాడు దేముడుబాబు. డాక్టరుగారిని ఒక్క మాట అడగొచ్చు. కానీ జాలి పుట్టిందంటే మనవాడికి బుర్రతో పనుండదు. వాటి కొవ్వు మేత చెత్తబుట్టలో పోసి, ఆర్నెల్లపాటు మోండా మార్కెట్ నుంచి ముల్లంగి ఆకులూ కొత్తిమీర కాడలూ తెచ్చి పెట్టాడు. రిజిస్టరులో మాత్రం రోజూ "మేత పూర్తి" అని గుండ్రంగా రాశాడు.

చివరికి కోసి చూస్తే కుడివైపు వాటి నాళాలు పూరేకుల్లా ఉన్నాయట. డాక్టరుగారి పరిశోధన పేపరు అచ్చయింది. మనుషుల మీద పరీక్ష మొదలైంది. గుండెజబ్బున్న తన భార్య గవరమ్మను, పాత మాత్రలు మాన్పించి మరీ, అందరికంటే ముందు చేర్పించింది దేముడుబాబే.

రెండు నెలలకు ఆమెకు నాలుగు మెట్లెక్కినా ఆయాసం మొదలైంది. సరిగ్గా ఆ వారమే సత్యదేవ్‌గారికి సన్మానం. "చెవులు ఎర్రబడ్డం జబ్బు కాదండీ, మందు నాళాల్ని తెరుస్తోందని గుర్తు. రెండు గుంపులకీ మేత ఒక్కటే!" అన్నారాయన వేదిక మీద. దేముడుబాబు కొరికిన బిస్కెట్టు పక్కన పెట్టేశాడు. నాళాలు మెత్తబడింది మందుకి కాదు, తన ముల్లంగి ఆకులకి. తన జాలి తన పెళ్ళాం మీదికే వచ్చిందని భయంతో చచ్చిపోయాడు.

మర్నాడు డాక్టరుగారి గదిలో అంతా ఒప్పేసుకున్నాడు. ఆయన మొహం పాలిపోయింది. లేచి తలుపు వేశారు.

"ఎవరికైనా చెప్పావా?"

"నేదండి."

"మంచి పని చేశావు. మీ ఆవిడకి పాత మాత్రలే రాసిస్తాను. ఆవిడ ఇక పరీక్షకి రానక్కర్లేదు."

"మరి మిగతా నలబై మందో బాబూ?"

"వాళ్ళు నీకేమన్నా చుట్టాలటయ్యా? నీ ఉద్యోగం సంగతి చూసుకో."

చీటీ పట్టుకుని బయటికొచ్చాడు. పరీక్షకు వచ్చినవాళ్ళు బెంచీల నిండా కూర్చున్నారు. అల్వాల్ నుంచి వచ్చే రాజ్యం అతని చెయ్యి పట్టుకుంది.

"అన్నా, నువ్వు ఈడనే చేస్తవు గదా. ఈ గోలీలు మంచియేనా? జెర చెప్పు, పరేషాన్ అయితుంది."

దేముడుబాబు వెనక్కి చూశాడు. సత్యదేవ్‌గారు తలుపు దగ్గరే నిలబడి చూస్తున్నారు.

"మా యావిడ సేత ఈయేలే మానిపించీసినానమ్మా" అన్నాడు, చివరి బెంచీ వాళ్ళకు కూడా వినపడేంత గట్టిగా.