శామ్ అన్నయ్య మణికట్టు మీది టేపు

నిన్న పొద్దున పదకొండింటికి ఫోన్ మోగింది. నేనే ఎత్తాను.

"శామ్ ఇక లేడమ్మా" అన్నారు నాన్న, హాస్పిటల్ నుంచి.

నేను "ఓకే" అన్నాను.

ఓకే ఏంటి? అన్నయ్య పోయాడంటే ఎవరైనా ఓకే అంటారా?

అప్పటినుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. ఫ్రిజ్ తెరుస్తాను, మూస్తాను. బ్యాక్‌యార్డ్‌లోకి వెళ్తాను, ఎందుకెళ్ళానో తెలియక మళ్ళీ లోపలికొస్తాను.

ఈ కంప్యూటర్ బోర్డులో రాసేది, చదివేది మన చర్చి యూత్ ఇరవైమందే కదా. అందుకే ఇక్కడ రాస్తున్నాను. స్కూల్ ప్రాజెక్ట్ అని అబద్ధం చెప్పి నాన్న మోడెమ్ ఆన్ చేశాను.

శామ్ అన్నయ్య మా పెద్దమ్మ కొడుకు. ఒక్కడే కొడుకు. పెండిల్ హిల్‌లో మాకు రెండు వీధుల అవతలే వాళ్ళిల్లు. రగ్బీ లీగ్‌లో హాఫ్‌బ్యాక్ ఆడేవాడు. ఆట తెలియనివాళ్ళకి చెప్తున్నా, హాఫ్‌బ్యాక్ అంటే ఆట నడిపేవాడు. బాల్ ఎటు పోవాలో, ఎవరు ఎటు పరిగెత్తాలో అతనే అరిచి చెప్పాలి. అమెరికావాళ్ళ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ ఉంటాడు చూడండి, అలా.

యూనివర్సిటీ టీమ్‌లో ఉన్నప్పుడు అన్నయ్య ఏం చేశాడో తెలుసా?

టీమ్ మొత్తానికీ తెలుగు అంకెలు నేర్పాడు! అవతలి టీమ్‌కి అర్థం కాకూడదని. ఎర్రజుట్టు వాడొకడు, తలుపంత మనిషి, గ్రౌండ్ మధ్యలో "మూడు! మూడు!" అని అరుస్తుంటే పెద్దమ్మ గోంగూర చికెన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని పడీపడీ నవ్వింది.

"ఈడికి అక్షరాభ్యాసం కూడా చేయించరా" అంది.

అప్పుడు అన్నయ్య ఈల వేస్తూ ఆడేవాడు.

తర్వాత పెద్ద క్లబ్ పిలిచింది. డబ్బులిచ్చి ఆడించే క్లబ్. కాంట్రాక్ట్ మూడు నెలలకే, ట్రయల్. చర్చిలో సాక్ష్యం చెప్పి స్వీట్లు పంచాం, గుర్తుందా?

ఆ రోజు నుంచే ఈల ఆగిపోయింది. అది నేనొక్కదాన్నే గమనించాననుకుంటా.

ఆ క్లబ్‌లో తెలుగు అంకెలు నడవవు. వాళ్ళ కాల్స్, అంటే గ్రౌండ్‌లో అరిచే గుర్తు మాటలు, వాళ్ళకున్నాయి, నలభై పైనే. నేను కార్డుల మీద రాసి, స్కూల్ అయ్యాక వాళ్ళ వంటింట్లో కూర్చుని ఒక్కొక్కటీ చూపించేదాన్ని. అన్నయ్య బల్ల చుట్టూ తిరుగుతూ జవాబు చెప్పేవాడు. కూర్చోమంటే కూర్చునేవాడు కాదు.

"యూనిలో నేను తప్పు చెప్పినా నా వెనకే పరిగెత్తేవోళ్ళే చిన్నీ" అన్నాడొకసారి. "ఇక్కడ అందరూ నాకంటే పెద్దోళ్ళు. పెళ్ళాం పిల్లలున్నోళ్ళు. నేను ఒక్క సెకను ఆగితే చాలు, వాళ్ళ చూపు మారిపోద్ది."

ఇప్పుడు చెప్పాల్సింది చెప్తాను.

మూడు వారాల క్రితం ట్రైనింగ్‌లో ఎవరి మోకాలో అన్నయ్య తలకి తగిలింది. లేచి ఆడేశాడంట. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు కార్డు చూపిస్తే అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఇది కొత్తదా?"

"మూడోసారి చూపిస్తున్నా అన్నయ్యా."

తిరగడం ఆపేశాడు. కుర్చీలో కూర్చున్నాడు. అలా కూర్చోవడం చూసి నాకు భయమేసింది.

"అమ్మకి చెప్పమాకే. ఇప్పుడు నన్ను బయట కూర్చోబెడితే ఇంక లోపలికి పిలవరు. ఒట్టెయ్."

వేశాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఐడియా కూడా నేనే ఇచ్చాను. అతని మణికట్టుకి చుట్టుకునే తెల్ల టేపు మీద మార్కర్‌తో కాల్స్ రాసిచ్చాను, తెలుగులో. ఎవరు చూసినా అర్థం కాదు కదా అని. మర్చిపోతున్నాడని క్లబ్‌లో తెలియదు కదా అని.

"ఎవరన్నా అడిగితే మా అమ్మ రాసిన ప్రార్థన అని చెప్తాలే" అని నవ్వాడు. ఆ మూడు వారాల్లో నవ్వింది అప్పుడే.

శనివారం ఆరో మ్యాచ్‌లో మళ్ళీ తలకే తగిలింది. లేచాడు. టేపు చూసుకున్నాడు. స్టాండ్‌లో నుంచి నాకు కనపడింది. కాల్ ఇచ్చాడు, కరెక్ట్‌గానే. మ్యాచ్ అయ్యాక డ్రెస్సింగ్ రూమ్‌లో పడిపోయాడు.

హాస్పిటల్‌లో డాక్టర్ అడిగారు, దీనికి ముందు ఈమధ్య ఎప్పుడైనా తలకి దెబ్బ తగిలిందా అని.

"లేదు డాక్టర్. మావాడు నా దగ్గర ఏదీ దాచడు" అంది పెద్దమ్మ.

నేను పక్కనే ఉన్నాను. నా షూ లేసులు చూసుకుంటూ ఉన్నాను.

అప్పుడు చెప్పుంటే బతికేవాడా? నాకు తెలియదు. ఎవరినైనా అడగాలంటే ముందు చెప్పాలి కదా.

నర్స్ అన్నయ్య వస్తువులు ప్లాస్టిక్ కవర్లో పెట్టిచ్చింది. వాచీ, సాక్సులు, కత్తిరించిన టేపు. పెద్దమ్మ టేపు చదివింది. కుడి. లోపలికి. ఎత్తి తన్ను. మళ్ళీ చదివింది. దాన్ని మడిచి బైబిల్‌లో పెట్టుకుంది. ఎవరు రాశారని ఇంతవరకూ ఎవరినీ అడగలేదు.

సండే తెలుగు క్లాసులో నా చెయ్యి పట్టుకుని ఆ అక్షరాలు దిద్దించింది పెద్దమ్మే. నా చేతిరాత ఆవిడకి తెలియదా?

పెద్దమ్మ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. నా రూమ్‌లో, నా మంచం మీద. తలుపు కొంచెం తెరిచే ఉంది.

మీరు ఇది చదివేసరికి నేను లోపలికి వెళ్ళి ఉంటాను. దయచేసి నాకంటే ముందు ఎవరూ పెద్దమ్మకి ఫోన్ చేయకండి.

అన్నయ్యా, ఒట్టు తప్పుతున్నాను. కోప్పడకు.

ఇంక నీకు ఏ కాల్ గుర్తుపెట్టుకునే పని లేదు. యేసయ్య పక్కన కాసేపు కూర్చో అన్నయ్యా, తిరగకుండా. నెమ్మదిగా ఉండు.

నీ చిన్ని