గంప కోసం వచ్చింది

ఇరవై ఏళ్ల కిందటి మాట. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. మణుగూరు దగ్గర బొగ్గు గనుల కాలనీలో ఉండేవాళ్లం. నాన్న గనిలో డంపర్ నడిపేవాడు. మా తిండి, బడి, కరెంటు అన్నీ బొగ్గు పెట్టినవే. వంటకు కూడా బొగ్గు ఉచితంగా వచ్చేది. ప్రతి క్వార్టర్ ముందూ ఒక కుప్ప ఉండేది.

నా క్లాస్‌మేట్ సమ్మక్కది పక్క గూడెం. వాళ్ల జొన్నచేను మీదుగానే లారీల రోడ్డు వేశారు. ఒక ఆదివారం ఆ రోడ్డు మీద లారీల నుంచి జారిపడ్డ బొగ్గుపెళ్లలు ఏరుకుంటుంటే గార్డు ఆమెను పట్టుకున్నాడు. గంప లాక్కుని, కాలనీ గేటు పక్కనే ఉన్న మా ఇంటికి తెచ్చాడు.

“అక్కా, గూడెం పిల్ల సమ్మక్క కాడ దొంగబొగ్గు దొరికింది. మీ కుప్పల పోస్తున్న.”

“పోసెయ్ తమ్మీ. చాయ్ తాగి పో,” అంది అమ్మ.

“వాళ్ల చేన్ల పడ్డ బొగ్గు ఏరుకుంటే దొంగతనమెట్లయితది?” అన్నాను.

“నీకెందుకే, పోయి చదువుకో,” అని అమ్మ కసిరింది. గార్డు నవ్వాడు.

సాయంత్రం సమ్మక్క మా ఇంటికి వచ్చింది. గార్డు మా ఇంట్లోనే వదిలేసిన ఆమె గంపను నేను గబగబా మా కుప్పలోంచి నింపి ఇచ్చాను. ఆమె బొగ్గంతా గుమ్మం ముందే కుమ్మరించింది.

“బొగ్గు నాకొద్దు. గంప మా అవ్వ అల్లింది, దానికోసమే వచ్చిన.”

మళ్లీ నాతో మాట్లాడలేదు.

ఆ గార్డు మీద, అమ్మ మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. నా మీద మరీను. గార్డుకు చాయ్ పెట్టడానికి సమ్మక్క ఏరిన బొగ్గుతోనే అమ్మ ఆ పూట కుంపటి అంటించింది. ఆ చాయ్ నేనూ తాగాను.