గీజర్ల వేళ శాక్సఫోన్

అరకులో స్టీలు సామాన్లు అమ్ముకునేవాడికి జాజ్ ఎందుకురా అని మా చుట్టాలందరూ అడిగి అడిగి ఊరుకున్నారు. మా నాన్న విజయనగరం వైపు నుంచి కొండెక్కి వచ్చి పెట్టిన కొట్టు ఇది. శుక్రవారం సంతకి చుట్టుపక్కల కొండ ఊళ్లవాళ్లు దిగి బిందెలూ డేగిసాలూ కొంటారు. మిగతా రోజుల్లో ఈగలు తోలుకోవడమే. కొట్టు వెనక గదిలో మాత్రం నాకు మూడు బీరువాల గ్రామఫోన్ ప్లేట్లున్నాయి. అన్నీ ఒకప్పుడు కలకత్తా, బొంబాయి హోటళ్లలో వాయించిన జాజ్ బ్యాండ్లవి. ఎక్కువ భాగం విశాఖలో పాత సామాన్ల కొట్ల నుంచి తెచ్చినవే.

వినడం ఒక్కటే అయితే ఇంత పిచ్చి పట్టేది కాదు. ఆ ప్లేట్ల మీద బ్యాండు నాయకుడి పేరు వేసి, మిగతా వాళ్లందర్నీ కలిపి 'అతని ఆర్కెస్ట్రా' అని తేల్చేస్తారు. ట్రంపెట్ ఊదినవాడెవడో, పియానో ముందు కూర్చున్నదెవడో మనమే తవ్వుకోవాలి. పాత పత్రికల్లో హోటలు ప్రకటనలు, ఎవరింట్లోనో మిగిలిన గ్రూపు ఫొటోలు, ఆ కాలం ప్లేట్లు పక్కపక్కన పెట్టి వినడం, ఇదీ పని. నాలాంటి వాళ్లం దేశం మొత్తం మీద కొద్దిమందిమి ఉన్నాం. మాకో వాట్సాప్ గ్రూపుంది. అందులో మేం పోట్లాడుకునేంతగా పొలం గట్ల దగ్గర కూడా పోట్లాడుకోరు. నాకైతే కోపం ముక్కు మీదే ఉంటుంది.

నేను ప్లేట్లు వినేది పొద్దున్నే, కొట్టు తెరవకముందు. చలికాలం మంచు కిటికీ దాకా వచ్చి ఉంటుంది, మా ఆవిడ వంటింట్లో టిఫిను పనిలో ఉంటుంది. అలా ఒక పొద్దున కలకత్తా బ్యాండు ప్లేటొకటి నా కరెంటు మిషన్ మీద పెట్టాను. మధ్యలో శాక్సఫోన్ ఒంటరిగా వచ్చింది. నిదానంగా, బరువుగా, ఎవరో మనసులో మాట చెప్పలేక చెప్పలేక చెబుతున్నట్టుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ బ్యాండులో శాక్సఫోన్లు ఊదేవాళ్లు ఇద్దరు. చిన్నది, అంటే ఆల్టో, ఊదినాయన పేరున్నవాడు. ఆ ప్లేటులో వినిపించేది ఆయనేనని అందరూ రాసుకుంటూ వచ్చారు. పెద్దది, టెనర్, ఊదినతన్ని ఎవరూ పట్టించుకోలేదు. వాల్తేరు రైల్వే కుటుంబం నుంచి కలకత్తా వెళ్లిన ఆంగ్లో ఇండియన్ అని మాత్రం తెలుసు. నేను ఫోన్లో శ్రుతి చూసే యాప్ పెట్టి స్వరాలన్నీ కొలిచాను. ఒకచోట ఆ శాక్సఫోన్ బాగా కిందికి దిగుతుంది. ఆల్టో అంత కిందికి దిగలేదు. దాని శరీరంలోనే ఆ స్వరం లేదు. అంటే ఊదింది టెనర్ మనిషే!

ఎగిరి గంతేశాను. గ్రూపులో పేజీలకు పేజీలు రాశాను. ఇన్నేళ్లూ ఒక అనామకుడికి జరిగిన అన్యాయమని రాశాను. ఆ వాయింపులోని విషాదం గురించి రాశాను. ఆ ఆడియో కూడా ఫోన్లో రికార్డు చేసి పెట్టాను. చెన్నైలో ఒక రిటైర్డు పెద్దమనిషి మాత్రం మర్యాదగా, "మీ మిషన్ స్పీడు ఒకసారి చూసుకోండి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. స్పీడు చూడ్డానికి గీతలున్న అట్ట బిళ్ల ఒకటి ఉంటుంది. దాన్ని తిరిగే ప్లేటు మీద పెట్టి బల్బు వెలుతుర్లో చూస్తే, స్పీడు సరిగ్గా ఉంటే గీతలు నిలబడినట్టు కనిపిస్తాయి. మధ్యాహ్నం భోంచేసి వచ్చి చూశాను. గీతలు కదిలితే ఒట్టు. "నా మిషన్ బానే ఉంది, మీ చెవులు చూపించుకోండి" అని జవాబు కొట్టాను. ఆయన మళ్లీ మాట్లాడలేదు. గెలిచాననుకున్నాను.

నా రాత ఎలా చేరిందో, విశాఖ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. ఆ టెనర్ మనిషి కూతురు. డెబ్బై దాటిన మనిషి. ఆవిడ బళ్లో చదివే రోజుల్లోనే తండ్రి పోయాడు. ఆయన వాయించగా రికార్డయిన ముక్క ఒక్కటి కూడా ఇంట్లో లేదు. నేను పెట్టిన ఆడియో రోజూ వింటోందట. చర్చిలో తండ్రి పేరున ప్రార్థన పెట్టించి, అందరికీ స్పీకర్లో వినిపించిందట. "ఆ ప్లేటు మీద నుంచే ఒక్కపాలి వినాలని ఉంది బాబూ" అంది. రండి ఆంటీ అన్నాను. అప్పుడు నేనెంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతాయి.

కిరండూల్ రైల్లో ఆవిడ వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. చేతికర్ర, మెడలో సిలువ, సంచిలో తండ్రి ఫొటో. శాక్సఫోన్ మెడకి తగిలించుకుని నవ్వుతున్న సన్నటి మనిషి. ఆ ఫొటోని నా మిషన్ ఎదురుగా నిలబెట్టింది. కొట్టు తలుపు దగ్గరకి వేసి, ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, పెద్ద పూజ చేయించే పంతులులా ముల్లు దించాను.

బ్యాండు చలాకీగా ఎత్తుకుంది. నేను ఆ ప్లేటుని ఎప్పుడూ పొద్దున తప్ప వినలేదు. ఇది నాకు తెలిసిన పాటలా లేదు. శాక్సఫోన్ వచ్చింది. పలచగా, తియ్యగా, నవ్వుతూ పరుగెత్తింది. కిందికి దిగే చోట దిగింది గానీ అంత కిందికి దిగలేదు. అది ఆల్టో. చెవులున్నవాడెవడైనా చెప్పగలడు.

ఆవిడ నా వైపు తిరిగింది. "ఇది కాదు బాబూ. నువ్వు ఫోన్లో పెట్టినావే, అది ఎయ్యి. మా డాడీది."

అప్పుడు వెలిగింది నాకు. మా ఆవిడ ప్రతి చలికాలం పొద్దున్నే పెట్టే గోల గుర్తొచ్చింది. "ఏటండీ ఇది, మళ్లీ మిక్సీ తిరగట్నేదు! లాడ్జీలోలందరూ ఒక్కపాలే గీజర్లేసినారు కామోసు." అదే కరెంటు మీద నా మిషన్ మోటారు కూడా ఈడ్చుకుంటూ తిరిగేది. ప్లేటు నిదానంగా తిరిగితే శ్రుతి కూడా కిందికి దిగుతుంది. ఆల్టో టెనర్ అయిపోతుంది. నేను పేజీలకు పేజీలు రాసింది విషాదం కాదు, లో వోల్టేజీ. స్పీడు పరీక్ష చేసిందేమో మధ్యాహ్నం, టూరిస్టులందరూ గుహలు చూడ్డానికి పోయి గీజర్లన్నీ ఆగిపోయాక.

మొదట నా నోట్లోంచి వచ్చింది అబద్ధమే. "మిషన్ వేడెక్కింది ఆంటీ, అందుకే ఇలా" అన్నాను.

"పోన్లే బాబూ, సల్లారనీ. సాయంత్రం రానా?" అంది.

ఆ మాటకి నా తల కొట్టేసినట్టయింది. అరవడం చేతనైన నాకు చెప్పడం చేతకాలేదు. తడబడుతూ, గీజర్ల దగ్గర మొదలుపెట్టి వెనక్కీ ముందుకీ పోతూ మొత్తం చెప్పాను. వాయించింది ఆ పేరున్నాయనే అన్నాను. మీ నాన్నగారు వెనక బ్యాండులో ఉండే ఉంటారు, కానీ విడిగా వినపడరు అన్నాను. చర్చిలో మీరు వినిపించింది ఆయన్ని కాదు అని మాత్రం అనలేకపోయాను. ఆవిడే అంది.

"అయితే చర్చిలో మేం ఏడిసింది ఆయన కోసం కాదన్నమాట."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. ఫొటోని చీర కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది. మా ఆవిడ భోజనానికి పిలిస్తే రెండు ముద్దలు తిని, ప్రయాణం అలసట అని చెప్పి లాడ్జికి వెళ్లిపోయింది. మా ఆవిడకి విషయం చెబితే కంచాలు తీస్తూ, "పెద్ద మనిసిని అంత దూరం నుంచి రప్పించి ఇదేటండీ" అంది.

ఆ సాయంత్రమే గ్రూపులో నా తప్పు రాశాను. ఎవరూ వెక్కిరించలేదు. చెన్నై పెద్దమనిషి చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టాడు. పేరు కోసం కొట్టుకునేవాళ్ల మధ్య ఉండి, ఆ పేరు ఒకరికి తండ్రి అవుతుందని నాకు ఎప్పుడూ తోచలేదు. తోచి ఉంటే రెండోసారి కొలిచేవాణ్ణి. ఆవిడ తెల్లారగానే బస్సెక్కి విశాఖ వెళ్లిపోతుందనీ, ఆ మొహం మళ్లీ చూడక్కర్లేదనీ లోపల్లోపల ఆశపడ్డాను కూడా. నా మీద నాకే అసహ్యం వేసింది.

తెల్లారింది. మంచు దట్టంగా ఉంది. వంటింట్లో మిక్సీ గుర్రుమని ఆగిపోయింది, మా ఆవిడ తిట్టుకుంటోంది. కొట్టు ముందు చేతికర్ర చప్పుడైంది. తలుపు తీస్తే ఆవిడ, శాలువా తల చుట్టూ కప్పుకుని నిలబడి ఉంది.

"ఇప్పుడు లో వోల్టేజీయే కదా బాబూ?" అంది.

అవునన్నాను. "కానీ ఆంటీ, అది ఆయన కాదు" అన్నాను మళ్లీ.

"తెలుసు. నిన్న సెప్పినావు కదేటి." లోపలికొచ్చి అదే కుర్చీలో కూర్చుని, ఫొటో తీసి అదే చోట నిలబెట్టింది. "ఎందుకైనా మంచిదని నా రూములో గీజరు కూడా ఏసి వచ్చినాను. పెట్టు బాబూ."

ఆవిడ వైపు చూసే మొహం నాకు లేదు. తల ఎత్తకుండానే ముల్లు దించాను.