పెంకుల కింద రెండు స్పీకర్లు

బేరూత్‌లో ఓ స్టూడియోలో పాతికేళ్లకు పైగా గొంతులూ వాద్యాలూ కలిపి పాటలు మిక్స్ చేసిన జల్ఫాకు యాభై నాలుగో ఏట ఆ స్టూడియో మూతపడింది. జహ్లే ఊళ్లో ఉన్న అక్క మిర్వత్ ఇంటికొచ్చి, పెంకుల కప్పు కింద అటక గదిలో చేరింది. బరువైన స్పీకర్లు రెండూ ఒకదాని తర్వాత ఒకటి గుండెకు హత్తుకుని ఇరుకు మెట్లమీద పైకి చేర్చింది.

గదికి రెండు పక్కలా కప్పు వాలిపోయి ఉండేది. నిటారుగా నిలబడే చోటు నడిమధ్యనే. అక్కడేమో ముక్కోణపు గోడ దగ్గర బావ తానియోస్ అరక్ సారా కాచే రాగి బాన తిష్ఠ వేసింది. దాన్ని కదపమని అడిగే ఓపిక లేక జల్ఫా బల్లను ఎడమ వాలుకింద ఇరికించుకుంది. ఎడమ స్పీకరు కప్పులో దూరినట్టుండేది. కుడిది ఖాళీలో నిలబడేది.

పెళ్లిపాటలు పాడే ముసలి నఖ్లే, ఆమె మిక్స్ చేసిన తన పాటను మూడోసారి తిప్పి పంపి ఫోన్ చేశాడు.

"తల్లీ, బస్సులో నిద్రపోతున్నవాడిలా నా గొంతు కుడిపక్కకి ఒరిగిపోతోందే! దర్బుకా డోలు అయితే నూనె డబ్బా కొట్టినట్టుంది."

"కారులో విన్నారా?"

"కారులో, కొట్లో, వియ్యంకుడింట్లో. ఎక్కడ విన్నా అంతే."

ఆమెకు మాత్రం గొంతు సరిగ్గా నడుమనే వినబడుతోంది. కుడి చెవి మందగించిందని అనుమానం పట్టుకుంది. రెండ్రోజులు ఎవరితోనూ అనలేదు. మూడోనాడు మిర్వత్ పళ్లెం పట్టుకుని పైకొచ్చింది.

"ఏమే, తిండి మానేశావేం?"

"నా చెవులు పోయాయక్కా. ఇక ఈ పని నావల్ల కాదు."

"పోతే, కింద నేను మీ బావను తిట్టేవన్నీ నీకెలా వినబడుతున్నాయే?"

జల్ఫా విసుగ్గా కుర్చీ తిప్పి అక్కవైపు తిరిగింది. వెనకాల స్పీకర్లలో, తను ఇంకా సరిచేయని నఖ్లే అసలు పాట నడుస్తోంది. స్పీకర్లకు అలా వీపు తిప్పగానే మోత బరువంతా కుడి చెవిలోకి వచ్చింది. మళ్లీ ముందుకు తిరిగితే ఎడమ చెవిలోకి. చెవి కాదు, గది! వాలు కప్పు ఎడమ స్పీకరు మోతను పెంచుతోంటే, తను గొంతును కుడికి తోస్తూ, దర్బుకా గుమ్ము ఎక్కువైందనుకుని దాన్ని కోసేస్తూ వచ్చింది.

"బావా, ఆ బాన తియ్యాలి," అంది కిందికి దిగి.

"మా నాన్న పెట్టిన చోటు అది. నీ పెట్టెలకోసం కదపాలా?"

"మొన్న అరక్ మాడ్చింది మీ నాన్నా, నువ్వా?" అంది వెనకే దిగొచ్చిన మిర్వత్.

తానియోస్ గొణుక్కుంటూనే బానకు భుజం పట్టాడు. బల్ల కప్పు శిఖరం కింద గోడకెదురుగా చేరింది. వాలులు ఇప్పుడు రెండు పక్కలా సమానం. జల్ఫా స్పీకర్లను గోడకు మూరెడు దూరం జరిపి, చెవుల ఎత్తుకు లేపి, ఉన్నిదారంతో కొలిచింది. రెంటికీ మధ్య ఎంత దూరమో, వాటినుంచి తన తలకూ అంతే. గది మూలల్లో పాత ఉన్ని పరుపులు నిలబెట్టింది.

మోత పూర్తిగా అణగలేదు. దాంతో సర్దుకోవాల్సిందే అనుకుంది. పాట మొదటినుంచీ చేసి పంపింది.

"ఇప్పుడు నేను మేలుకున్నాను తల్లీ! ఇంకా ఐదు పాటలున్నాయి," అన్నాడు నఖ్లే.

"సోమవారం పంపండి," అంది జల్ఫా. మోకాళ్లు సలుపుతున్నాయి. సంతోషపడటానికి కూడా ఓపిక లేదు. కిందికి దిగి అక్క వడ్డించిన పప్పన్నం తిన్నది.