మెట్ల బల్ల విప్పిన రోజు

మా నాన్న పోయాక నన్ను పెంచింది బాబాయి. ఆయన మ్యూజియంలో వడ్రంగి. అక్కడి గ్రంథాలయంలోనే నాకు గుమాస్తా పని ఇప్పించాడు. మానవశాస్త్రం పుస్తకాలు మొదట చదివింది అక్కడే. కానీ ఆ శాస్త్రం నా బుర్రకెక్కింది మాత్రం ఆయన చేసిన ఒక బల్ల వల్ల.

పెద్ద హాల్లో వస్తువులు పేర్చి చూపించే ఏడు మెట్ల టేకు బల్ల ఉండేది. ఒక్క మేకు కొట్టకుండా, చెక్కలో చెక్క బిగించి, పాతికేళ్ళ వయసులో చేశాడు. దానితోనే ఆయన ఉద్యోగం ఖాయమైంది. మానవశాస్త్రం పుట్టిన కొత్తలో పండితులు చాలామంది, మనుషులంతా ఒకే మెట్లదారి ఎక్కుతున్నారని నమ్మారు. కొందరు కిందే ఆగిపోయారట. పైమెట్టు మీద ఉన్నది, ఇంకెవరు, ఆ రాసినవాళ్ళే! కుర్చీ దిగకుండా, ప్రయాణికులు చెప్పిన సంగతులు పోగేసి రాసినవాళ్ళే వాళ్ళలో ఎక్కువ. మా బల్లదీ అదే వరస. అడుగున దుంపలు తవ్వే కర్ర, పైన గోడ గడియారం.

కొన్నేళ్ళకు కొత్త క్యూరేటరమ్మ వచ్చారు. ఏటి ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్ళ మధ్య రెండేళ్ళుండి, వాళ్ళ భాష నేర్చుకున్న మనిషి. రాగానే ఆ బల్ల తీసేయాలన్నారు.

ఆ పూట బాబాయి కంచంలో మెతుకులు కెలుకుతూ కూర్చున్నాడు.

"తీసేది బల్లేగా, నీ ఎముకలు కాదుగా! తిను," అంది పిన్ని.

"నీకేం తెలుసే! నేను పోయాక చెప్పుకోడానికి ఉన్నది అదొక్కటే."

"అయితే నేను లెక్కలో లేనన్నమాట."

"నువ్వు మేకులేసి బిగించిన బాపతు. ఊడవు."

తన మాటకి తనే నవ్వాడు గాని, అన్నం మాత్రం ముట్టలేదు.

మర్నాడు క్యూరేటరమ్మ విప్పమనలేదు. "మేస్త్రీగారూ, కింది మెట్టు మీది చేపల బుట్ట, మూడో మెట్టు మీది అల్లిన ఉయ్యాల, అయిదో మెట్టు మీది దుప్పటి తెచ్చి నేల మీద పెడతారా?" అన్నారు.

పెట్టాడు.

"ఈ మూడూ ఒకే ఇంటివి. నేనున్నది ఆ ఇంట్లోనే. ఇవి మ్యూజియంవాళ్ళు పట్టుకెళ్ళారని ఆ ఇంటి ముసలమ్మే చెప్పింది. పిల్లని తనే అల్లిన ఉయ్యాల్లో వేసి, దుప్పటి కప్పి, బుట్ట తీసుకుని ఏటికి వెళ్ళేదట."

బాబాయి గొంతుక్కూర్చుని ఉయ్యాల అంచు తడిమాడు.

"అయ్యో తల్లీ! ఒక్క ఇంటిని మూడు అంతస్తుల్లోకి విడదీశానా? పిల్ల ఒకచోటా, తల్లి ఒకచోటా!"

"అలా పెట్టమన్నది అప్పటి పెద్దవాళ్ళు కదండీ," అన్నారావిడ.

"అన్నారు సరే. చేసింది నా చెయ్యేగా."

నావైపు తిరిగాడు. "ఒరేయ్ పుస్తకాల పురుగూ, ఆ చివర పట్టుకో. మెల్లగా!"

బల్లంతా విప్పినా ఒక్క చెక్కా చీలలేదు. ఆ టేకుతోనే జానెడెత్తు వేదిక చేశాడు. ఆ ఏటి ఒడ్డువాళ్ళెలా కూర్చుంటారు, ఉయ్యాల ఎంత ఎత్తున కడతారు అంటూ ఆవిణ్ణి ప్రశ్నలతో వేపుకు తిన్నాడు. తర్వాత నేను ఎన్ని పుస్తకాలు చదివినా, ఆయన చెయ్యే ముందు గుర్తొస్తుంది. ఆ చెయ్యే నాకింత అన్నం పెట్టింది. నా అదృష్టం.

హాలు మళ్ళీ తెరిచిన రోజు ఒకావిడ చంకలో బిడ్డతో వచ్చి, ఉయ్యాల దగ్గర వంగి చూసింది.

"మీరు చేసిందేనా? మా దానికీ ఒకటి చేసిపెడతారా?"

"నాకెక్కడొస్తుందమ్మా! అది అల్లినావిడ ఏటి ఒడ్డున ఉంటుంది," అన్నాడు బాబాయి.

తన పని గురించి కూడా ఆయన అంత గర్వంగా చెప్పగా నేనెప్పుడూ వినలేదు.