దేవుడికి వదిలిన గుర్రం

తూల్ నది ఒడ్డున గుర్రపు వెంట్రుకలతో తాళ్లు పేనే జుందుయ్‌కి గొంతే ఆస్తి. పందెంలో గెలిచిన గుర్రాన్ని పొగుడుతూ పాడడానికి ఆ చుట్టుపక్కల అతన్నే పిలిచేవారు. గడ్డం పైకెత్తి, కళ్లు మూసుకుని పాడుతుంటే అంగీ గుండీలు ఊడినా తెలిసేది కాదు. భార్య దారీమాకు మాత్రం తెలిసేది.

ఇన్నేళ్లూ దేశాన్నేలిన మంచూ పాలకులను సాగనంపి, రాజధాని ఉర్గాలో బోగ్డ్ లామాను రాజుగా గద్దెనెక్కించిన చలికాలం దాటగానే, మఠం పెద్ద లామా చోయిన్‌జోర్ స్వయంగా వాళ్ల గుడారానికి వచ్చాడు.

"పడమట హోవ్డ్ కోటలో మంచూ సైనికులింకా ఉన్నారు నాయనా. నీ ఎర్రగుర్రం కావాలి."

"అది దేవుడికి వదిలింది కదా గురువుగారూ! అమ్మాయి జ్వరం తగ్గితే దాన్నెవరూ ఎక్కరని మీ ఎదుటే మొక్కుకున్నాం."

"దేవుడి గుర్రం దేశం కోసం పోతోంది. దోషం ఉంటే నాది." మొక్కు గుర్తుగా జూలుకు కట్టిన పట్టు పీలికను మంత్రం చదివి తనే విప్పాడు.

ఆ ఏడాదంతా దారీమాను పట్టలేకపోయారు. పాలు పితికే చోటల్లా "మావాడు హోవ్డ్‌లో పోరాడుతున్నాడమ్మా" అనేది. తెలియనివాళ్లు కొడుకనుకుని కళ్లొత్తుకునేవారు. కోట చేజిక్కినా గుర్రం తిరిగిరాకపోయేసరికి, చచ్చిపోయిందనుకుని దీపం పెట్టింది.

మరుసటి వేసవి పండుగ పందెంలో, దుమ్ములోంచి అందరికన్నా ముందు దూసుకొచ్చింది ఆ గుర్రమే. ఒళ్లు చేసి నిగనిగలాడుతోంది కూడా.

"ఏమమ్మా దారీమా, మీ వీరుడు లేచొచ్చాడే!" అన్నారెవరో. జనం గొల్లుమన్నారు. దారీమా తలగుడ్డ ముఖం మీదికి లాక్కుంది.

ఆ ప్రాంతాన్నేలే దొర దగ్గరి నౌకరు అసలు సంగతి చెప్పాడు. గుర్రం హోవ్డ్ మొహమే చూడలేదు. పెద్ద లామా దాన్ని దొరకు కానుకగా ఇచ్చి, ఆయన చేత సిఫారసు చెప్పించుకుని కొత్త ప్రభుత్వంలో పదవి సంపాదించాడు. అప్పటికే జుందుయ్ చేతిలో పులిసిన గుర్రపుపాల గిన్నె పెట్టేశారు. పాడాలి.

పాడాడు. యజమాని పేరు వచ్చే చోట ఆగిపోయాడు.

పెద్ద లామా పక్కకు వంగి, "దొరవారి పేరు చెప్పు నాయనా. దేశం కొత్తది, గొడవలెందుకు?" అన్నాడు. దయగానే అన్నాడు. జుందుయ్‌కి అదే ఎక్కువ గుచ్చుకుంది.

దొర పేరు లోయంతా వినబడేలా పాడాడు. ఆనవాయితీ ప్రకారం గిన్నెలో మొదటి గుటక యజమానిది, మిగతాది గుర్రం నడుం మీద పోయాలి. దొర చెయ్యి చాచాడు. జుందుయ్ గిన్నెను తన నోటికే ఎత్తుకుని గటగటా తాగాడు. మీసాల మీంచి కారుతుండగానే మిగిలింది గుర్రం నడుం మీద పోశాడు.

దొర చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏం పని జుందుయ్ ఇది?" అన్నాడు పెద్ద లామా.

"ఎండ గురువుగారూ, దాహమేసింది."

పై ఏడు పొగడ్త పాడడానికి మఠం నుంచి ఒక శిష్యుణ్ణి పంపారు. జుందుయ్ తాళ్లు పేనుకుంటూ బతికాడు, మఠం గడప మాత్రం మళ్లీ తొక్కలేదు.