రంగూన్ వైద్యుడి పొట్లం

దూరం నుంచి వచ్చిందంటే చాలు, మా పెద్దమ్మ దేన్నయినా కళ్లకద్దుకునేది. ఆమె అరచేతులకు తామర పట్టి ఏళ్లయింది. తాడేపల్లిగూడెంలో పక్కింటి ముసలి వైద్యుడు ఊరికే ఇచ్చిన పసరును ఒక్క పూటకే పారబోసింది. పందొమ్మిదివందల ముప్పైల్లో, రంగూన్‌లో చీనావాళ్ల దగ్గర వైద్యం నేర్చుకొచ్చానంటూ ఒకాయన ఏలూరులో మకాం పెట్టగానే మాత్రం నన్ను తోడు తీసుకుని రైలెక్కింది.

ఆయన ఆమె మోకాళ్ల కింద సన్నటి సూదులు గుచ్చాడు. తామర చేతులకుంటే సూదులు కాళ్లకెందుకని అడిగాను. ఆయన నా వంక జాలిగా చూశాడు. పెద్దమ్మ కూడా అలాగే చూసింది. తర్వాత ఎండు గడ్డల పొట్లం ఇచ్చి, కాచి తాగమన్నాడు. పథ్యం ఏమీ చెప్పలేదు.

"పథ్యం లేని మందు ఏం పనిచేస్తుందండీ?" అని పెద్దమ్మ అడిగింది. ఆయన నవ్వేస్తే, తనంతట తానే గోంగూర మానేసింది.

నెల తిరిగేసరికి దురద పోయింది, చేతులు నున్నబడ్డాయి. అప్పుడు నేను పొట్లం విప్పి చూశాను. కొల్లేటి ఒడ్డున పుట్టినదాన్ని, ఆ గడ్డలు నాకు తెలియవా?

"ఇవి తుంగగడ్డలండీ పెద్దమ్మా. మన చేలో కలుపు తీసి గట్టు మీద పారేసేవే" అన్నాను.

ఆమె ఒక గడ్డను వాసన చూసి ముఖం మాడ్చుకుంది.

"గట్టు మీద గడ్డికి తామర తగ్గుద్దా ఏవిటి?" అంటూ, ఆ నున్నటి చేతులతోనే కషాయం పెరట్లో పారబోసింది.

వానలు మొదలయ్యేసరికి తామర తిరిగొచ్చింది. గోంగూర మాత్రం ఆమె చచ్చేదాకా ముట్టలేదు.